"బోర్డ్" అనాలా, "బోరింగ్" అనాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు, ఉద్యోగాలకు తయారవుతున్నవాళ్లకు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పుతుంటాను. దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ వైపు నుంచి వస్తారు, అటు కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు నుంచి వచ్చి ఇక్కడ రూముల్లో ఉండేవాళ్లూ ఉన్నారు. ఏ ఊరివాళ్లయినా మొదటి వారంలోనే ఒక చోట తడబడతారు: బోర్ కొడుతోందని ఇంగ్లిష్‌లో చెప్పడం. రోజూ నోట్లో మెదిలే మాట కాబట్టి రోజూ తప్పు పోతుంది. వాళ్లు అడిగే ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇక్కడ పెడుతున్నాను. ఇంగ్లిష్ వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే రాశాను. పైకి చదువుకుంటూ పోండి, నోటికి అలవాటవుతాయి.

"నాకు బోర్ కొడుతోంది" అని ఇంగ్లిష్‌లో ఎట్ల చెప్పాలి?

"ఐ యామ్ బోర్డ్." అంతే. చివరి "డ్" మాత్రం మింగొద్దు, అవతలివాళ్లకు వినపడాలి.

మన దగ్గర ఎక్కువగా వినపడేవి వేరే ఉన్నాయి. "ఐ యామ్ ఫీలింగ్ బోర్", "ఐ యామ్ గెట్టింగ్ బోర్", ఒక్కోసారి "బోర్ ఈజ్ కమింగ్" కూడా. ఇవన్నీ తెలుగు వాక్యంలోంచి వచ్చినవే. తెలుగులోకి వచ్చాక బోర్ అనేది ఒక వస్తువులాంటి మాట అయిపోయింది. బోర్ కొడుతుంది, బోరొస్తుంది, బోరైంది అంటాం. ఇంగ్లిష్‌లో మనిషి ఉన్న పరిస్థితి చెప్పాలంటే విశేషణం కావాలి. "ఐ యామ్ హంగ్రీ", "ఐ యామ్ సాడ్" అన్న వరుసలోనే "ఐ యామ్ బోర్డ్" కూడా నిలబడుతుంది. "ఐ యామ్ ఫీలింగ్" అని మొదలుపెట్టడం మీకు అలవాటైతే మానుకోనక్కర్లేదు, చివర "బోర్డ్" అని ముగించండి చాలు. "ఐ యామ్ గెట్టింగ్ బోర్డ్" అంటే ఇప్పుడిప్పుడే బోర్ మొదలవుతోందని. "ఐ గాట్ బోర్డ్" అంటే బోర్ కొట్టిందని.

మరి "ఐ యామ్ బోరింగ్" అంటే తప్పేంది సార్? అందరూ అట్లనే అంటున్నరు కదా?

ఆ వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, అర్థమే మారిపోతుంది. "ఐ యామ్ బోరింగ్" అంటే "నా దగ్గర కూర్చుంటే ఎవరికైనా విసుగొస్తుంది, నేను అట్లాంటి మనిషిని" అని. వాక్యం నిండుగా ఉంది కాబట్టి విన్నవాళ్లు సరిదిద్దరు, నవ్వి ఊరుకుంటారు. అందుకే ఈ పొరపాటు ఏళ్ల తరబడి అట్లనే మిగిలిపోతుంది.

గుర్తు పెట్టుకోవడానికి తెలుగులోనే ఒక పట్టు ఉంది. మన భాషలో ఏదైనా అనుభవించే మనిషికి "కు" తగిలిస్తాం. నాకు ఆకలైతుంది, నాకు చలి పెడుతుంది, నాకు నిద్రొస్తుంది, నాకు బోర్ కొడుతుంది. ఇంగ్లిష్‌లో ఆ మనిషినే తీసుకొచ్చి వాక్యం మొదట్లో కూర్చోబెట్టి "యామ్", "ఈజ్", "ఆర్" పెడతారు. కాబట్టి తెలుగు వాక్యంలో "కు" ఎవరికి ఉందో చూడండి. వాళ్లకు "బోర్డ్" పెట్టండి. ఆ బోర్ దేనివల్ల వచ్చిందో, దానికి "బోరింగ్" పెట్టండి.

"నాకు ఆ క్లాస్ బోర్ కొట్టింది." కు ఎవరికుంది? నాకు. అయితే నేను బోర్డ్. కారణం ఏంది? క్లాస్. అయితే క్లాస్ బోరింగ్. "ఐ వాజ్ బోర్డ్ బికాజ్ ది క్లాస్ వాజ్ బోరింగ్." ఈ ఒక్క వాక్యం కంఠస్థం చేస్తే రెండూ వాటి చోట్లో కుదురుకుంటాయి.

ఇంకో దారి కూడా ఉంది, పిల్లలకు ఇది ఇంకా తొందరగా ఎక్కుతుంది. బోర్ కొడుతుంది, బోర్ కొట్టిస్తాడు అనే రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. కొట్టించేవాడు బోరింగ్, కొట్టించుకునేవాడు బోర్డ్. "మా బావ మాట్లాడితే బోర్ కొట్టిస్తడు" అంటే "మై బ్రదర్ ఇన్ లా ఈజ్ బోరింగ్." "మా బావకు బోర్ కొడుతుంది" అంటే "మై బ్రదర్ ఇన్ లా ఈజ్ బోర్డ్." మనిషి ఒక్కడే, రెండో వాక్యంలో ఆయన తప్పేం లేదు.

ఈ పొరపాటు విని నవ్వేవాళ్లకు ఒక మాట చెప్పాలి. హైదరాబాద్ పోయిన మొదటి నెలలో మన పిల్లలు చాలామంది ఇట్లాంటి చిన్న నవ్వులకే నోరు మూసుకుంటారు, మళ్లీ విప్పడానికి సంవత్సరాలు పడుతుంది. తెలుగులో ఆలోచించే తల సరిగ్గా పనిచేస్తోంది కాబట్టే ఈ పొరపాటు జరుగుతుంది. ఆ తలకు ఒక చిన్న మలుపు చూపిస్తే చాలు, నవ్వడం దేనికి?

ఈ "కు" సూత్రం వేరే మాటలకు కూడా పనిచేస్తుందా?

చాలా వాటికి పనిచేస్తుంది. నాకు క్రికెట్ అంటే ఇష్టం, ఆసక్తి: "ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్ క్రికెట్." ఆ మ్యాచ్ మాత్రం "ఇంటరెస్టింగ్". నాకు ఈ లెక్క అర్థమైతలేదు, గందరగోళంగా ఉంది: "ఐ యామ్ కన్ఫ్యూజ్డ్." లెక్క "కన్ఫ్యూజింగ్". పొద్దున లేచి సాగర్ దాకా బస్సులో నిలబడి పోయివస్తే మనం "టైర్డ్", ఆ ప్రయాణం "టైరింగ్". రిజల్ట్స్ చూసి నిరాశపడితే మనం "డిసపాయింటెడ్", రిజల్ట్స్ "డిసపాయింటింగ్".

అన్ని మాటలకూ ఇట్లా జంట ఉండదు. నాకు భయమైతుంది అంటే "ఐ యామ్ స్కేర్డ్" అంటాం గానీ, భయపెట్టే సినిమాను "స్కేరింగ్" అనరు, "స్కేరీ" అంటారు. ఒత్తిడిలో ఉన్నవాడు "స్ట్రెస్డ్", ఒత్తిడి పెట్టే ఉద్యోగం "స్ట్రెస్‌ఫుల్". ఇట్లాంటివి ఒక్కొక్కటిగా నేర్చుకోవాల్సిందే.

మా ఊళ్లో బోరింగ్ అంటే చేతిపంపు. ఆ బోరింగ్, ఈ బోరింగ్ ఒకటేనా?

మంచి ప్రశ్న. మా తరగతిలో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లకు బోరింగ్ నీళ్లతో ఉన్న కథ చిన్నది కాదు. ఫ్లోరైడ్ వల్ల ఎన్ని కుటుంబాలు ఇబ్బంది పడ్డాయో మనకు తెలుసు. కాబట్టి "మీ ఊరి గురించి చెప్పండి" అని ఇంటర్వ్యూలో అడిగితే ఆ మాట నోటికి రావడం సహజం. కానీ "దేర్ ఈజ్ ఎ బోరింగ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ మై హౌజ్" అంటే బయటివాళ్లకు ఏమీ అర్థం కాదు. చేతిపంపును "హ్యాండ్ పంప్" అనండి.

వ్యవసాయ కుటుంబాల పిల్లలకు ఇంకొన్ని అవసరం పడతాయి. పోయినేడు బోరు వేయించినం: "వి హ్యాడ్ ఎ బోర్‌వెల్ డ్రిల్డ్ లాస్ట్ ఇయర్." నీళ్లు పడలే: "వి డిడ్ నాట్ స్ట్రైక్ వాటర్." బోరు ఎండిపోయింది: "అవర్ బోర్‌వెల్ హ్యాజ్ గాన్ డ్రై." ఇంటర్వ్యూలో జిల్లా గురించి చెప్పాల్సి వస్తే ఇంకో మాట కూడా ధైర్యంగా చెప్పొచ్చు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) దాన్ని తయారు చేసింది, పటిక, సున్నం వాడతారు.

ఇక రెండూ ఒకటేనా అంటే, అక్షరాలు ఒకటే గానీ డిక్షనరీలు వీటిని వేర్వేరు మాటలుగా చూపిస్తాయి. రంధ్రం వేయడం అనే "బోర్" ఇంగ్లిష్‌లో వెయ్యేళ్ల కింది నుంచీ ఉంది. విసుగు పుట్టించడం అనే "బోర్" రాతలో కనపడేది 18వ శతాబ్దంలో, 1768 ప్రాంతంలో. అది ఎక్కడి నుంచి వచ్చిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. "బోర్‌డమ్" అనే నామవాచకం ఇంకా తర్వాత, 19వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది.

"బోర్డ్" తర్వాత విత్ పెట్టాలా, ఆఫ్ పెట్టాలా?

"విత్" పెడితే ఎక్కడా ఇబ్బంది రాదు. "ఐ యామ్ బోర్డ్ విత్ దిస్ గేమ్." "బై" కూడా సరైనదే: "ఐ వాజ్ బోర్డ్ బై హిజ్ స్పీచ్." "బోర్డ్ ఆఫ్" అనేది ఈమధ్య మాటల్లో బాగా పెరిగింది, కుర్రవాళ్లు ఎక్కువగా అంటారు. స్నేహితులతో మాట్లాడేటప్పుడు వాడితే ఎవరూ ఏమీ అనరు. పరీక్షలో, ఉద్యోగ దరఖాస్తులో మాత్రం వద్దు, పాతకాలపు ఎగ్జామినర్ ఉంటే మార్కు కోస్తాడు.

ఏదైనా చేస్తూ చేస్తూ బోర్ కొడితే మధ్యలో ఏ మాటా అక్కర్లేదు. "ఐ గాట్ బోర్డ్ వెయిటింగ్ ఫర్ ది బస్." బస్సు కోసం చూసి చూసి బోర్ కొట్టిందని అర్థం.

మా ఇంట్లో "పొద్దు పోతలేదు", "యాష్టకొచ్చింది" అంటరు. వీటన్నిటికీ "బోర్డ్" అంటే సరిపోతుందా?

సరిపోదు. ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇంటి మాట పట్టుకుని ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లే గట్టిగా నేర్చుకుంటారు.

"యాష్టకొచ్చింది" అనేది బోర్ కన్నా చాలా బలమైన మాట. ఒకే ఆఫీసు చుట్టూ సంతకం కోసం తిరిగి తిరిగి, ఇక నా వల్ల కాదు అనుకున్నప్పుడు అంటాం. దానికి "ఐ యామ్ ఫెడప్ విత్ దిస్" సరిగ్గా అతుకుతుంది. విసుగు కాస్త తక్కువైతే "ఐ యామ్ టైర్డ్ ఆఫ్ దిస్." రోజూ అదే పప్పుచారు తినలేక విసిగిపోతే "ఐ యామ్ సిక్ ఆఫ్ ఈటింగ్ ది సేమ్ థింగ్" అనొచ్చు. సిక్ అన్నంత మాత్రాన జ్వరమొచ్చిందని కాదు. చిరాకు లేస్తే "ఐ యామ్ ఇరిటేటెడ్" అనాలి. అక్కడ కూడా కు సూత్రమే, నాకు చిరాకు కాబట్టి "టెడ్". మనసు మనసుల లేదు అంటే అది బోర్ అసలే కాదు, "ఐ ఫీల్ అనీజీ" అనాలి.

"పొద్దు పోతలేదు" దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగాలి. సెలవుల్లో ఇంట్లో పడున్న కుర్రాడు అంటే "ఐ యామ్ బోర్డ్, ఐ హ్యావ్ నథింగ్ టు డూ" అని రాయొచ్చు. ఒకసారి ఇంట్లో విన్న మాటలను ఇంగ్లిష్‌లో రాసుకు రమ్మన్నాను. పాలమూరు వైపు పిల్ల ఒకతి నోట్‌బుక్ తెచ్చింది. ఎడమ పక్కన తెలుగులో, "పొద్దు పోతలేదు బిడ్డా, మీ నాయిన బొంబాయి పాయె, నువ్వు నల్లగొండ పోతివి" అని వాళ్ల నాయనమ్మ మాట రాసింది. కుడి పక్కన "మై గ్రాండ్‌మదర్ ఈజ్ బోర్డ్" అని రాసి, దాని కింద పెన్సిల్‌తో చిన్న ప్రశ్న గుర్తు పెట్టుకుంది.

"అట్ల రాస్తే మా నాయనమ్మకు టీవీ లేక బోర్ కొడుతున్నట్టు ఉంది సార్" అంది.

నిజమే. ఆ నాయనమ్మకు లేనిది కాలక్షేపం కాదు, మనుషులు. ఇద్దరం కలిసి "షీ ఫీల్స్ లోన్లీ, అండ్ ది డేస్ ఆర్ లాంగ్ ఫర్ హర్" అని మార్చాం. తెలుగులో ఒకే మాట పదేళ్ల పిల్లాడి నోట ఒకటి చెబుతుంది, డెబ్బై ఏళ్ల ముసలమ్మ నోట ఇంకొకటి చెబుతుంది. ఎవరు అన్నారు, ఎందుకు అన్నారు అని చూసుకున్నాకే ఇంగ్లిష్ మాట ఎంచుకోవాలి.

"టైంపాస్", "డల్", "లేజీ" అనే మాటలు ఇంగ్లిషే కదా, అట్లనే వాడొచ్చా?

టైంపాస్ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటి దేశంవాళ్లతో మాట్లాడితే "టు పాస్ ది టైమ్" అనండి. టైంపాస్ కోసం ఆడుతున్నం: "వి ఆర్ ప్లేయింగ్ జస్ట్ టు పాస్ ది టైమ్."

డల్ దగ్గర జాగ్రత్త. మనం "ఏమైందిరా, డల్‌గ ఉన్నవ్?" అని ప్రేమగా అడుగుతాం. అదే ఇంగ్లిష్‌లో "యు ఆర్ డల్" అంటే నీతో మాట్లాడితే చప్పగా ఉంటుందనో, నీకు బుర్ర లేదనో అర్థం వస్తుంది. "యు లుక్ టైర్డ్" అనండి, లేదా "యు లుక్ ఎ బిట్ డౌన్" అనండి. మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు కూడా "ఐ యామ్ డల్" వద్దు, "ఐ యామ్ ఫీలింగ్ లో" అనండి. వాతావరణానికీ, రంగుకూ, సాగని రోజుకూ డల్ బాగుంటుంది: "ఇట్ వాజ్ ఎ డల్ డే."

లేజీ అంటే ఒళ్లు బద్ధకం. బోర్‌తో దానికి సంబంధం లేదు.

"పొద్దుగాల్నించి బోర్ కొడుతుంది" అనాలంటే?

తెలుగులో "నుంచి" ఉన్నా వర్తమానమే వాడతాం, కొడుతుంది అంటాం. ఆ అలవాటుతో "ఐ యామ్ బోర్డ్ ఫ్రమ్ మార్నింగ్" అనేస్తారు. పొద్దున మొదలై ఇప్పటిదాకా సాగుతున్నదాన్ని ఇంగ్లిష్ వేరే రూపంలో చెబుతుంది: "ఐ హ్యావ్ బీన్ బోర్డ్ సిన్స్ దిస్ మార్నింగ్." ఎప్పటినుంచి అని మొదలైన సమయం చెబితే "సిన్స్", ఎంతసేపు అని లెక్క చెబితే "ఫర్". రెండు గంటల నుంచి బోర్ కొడుతుంది: "ఐ హ్యావ్ బీన్ బోర్డ్ ఫర్ టూ అవర్స్." ఇక్కడ తెలుగు మనల్ని తికమక పెడుతుంది, ఎందుకంటే "రెండు గంటల నుంచి" అంటే మధ్యాహ్నం రెండింటి నుంచి కూడా కావచ్చు. అప్పుడైతే "సిన్స్ టూ ఓ క్లాక్". నేనైతే పిల్లలను ముందు తెలుగులోనే అడుగుతాను, గడియారం చెబుతున్నవా, గంటలు లెక్కపెడుతున్నవా అని.

చచ్చేంత బోర్ కొట్టిందని చెప్పాలంటే "టూ బోర్డ్" అనొచ్చా?

"టూ" అంటే హద్దు దాటి, దానివల్ల ఇంకేదో కుదరకుండా పోయిందని. "ఐ వాజ్ టూ బోర్డ్ టు స్టడీ" అంటే బోర్ వల్ల చదవలేకపోయానని. ఊరికే బాగా బోర్ అనడానికి "వెరీ బోర్డ్", "సో బోర్డ్", "రియల్లీ బోర్డ్" అనండి. కొంచెమైతే "ఎ బిట్ బోర్డ్".

చచ్చేంత అన్న మాటకు సరిగ్గా "ఐ వాజ్ బోర్డ్ టు డెత్" ఉంది. "బోర్డ్ టు టియర్స్", "బోర్డ్ స్టిఫ్" కూడా అదే బలంతో వాడతారు. ఇవి మాటల్లోనే బాగుంటాయి, దరఖాస్తుల్లో కాదు. అస్సలు బోర్ కొట్టలేదు అనడానికి "ఎట్ ఆల్". కురుమూర్తి జాతరకు పోయినం, అస్సలు బోర్ కొట్టలే: "వి వెంట్ టు ది కురుమూర్తి జాతర అండ్ వి వర్ నాట్ బోర్డ్ ఎట్ ఆల్." జాతరను జాతర అనే రాయండి, ఆ మాటకు ఇంకొకటి వెతకాల్సిన పని లేదు.

దానికన్నా ఇది బోర్ అనాలంటే "మోర్ బోరింగ్", అన్నిటికన్నా అంటే "ది మోస్ట్ బోరింగ్". "బోరింగర్" అనే మాట వాడొద్దు.

"బోర్ కొడతలేదా?" అని ఇంగ్లిష్‌లో అడిగితే ఎస్ అనాలా, నో అనాలా?

మనలో చాలామంది ఇక్కడ బోల్తా పడతారు. "ఆరెంట్ యు బోర్డ్?" అని అడిగారనుకోండి. మనం "అవును, కొడతలేదు" అన్న లెక్కన "ఎస్" అంటాం. తెలుగులో అవును అంటే నువ్వన్నది నిజమేనని. ఇంగ్లిష్‌లో ప్రశ్న ఎట్లా ఉన్నా, మీ జవాబులో "నాట్" ఉంటే "నో", లేకపోతే "ఎస్". బోర్ కొట్టకపోతే "నో, ఐ యామ్ నాట్." కొడితే "ఎస్, ఐ యామ్." ఒట్టి ఎస్, నో చెప్పి ఆగిపోకుండా ఆ రెండో ముక్క కూడా చెప్పేస్తే అనుమానమే ఉండదు.

ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా బోర్‌గా ఉందని ఎట్ల చెప్పాలి?

ఇంగ్లిష్‌లో "దిస్ ఈజ్ బోరింగ్" అని ముఖం మీద అంటే గట్టిగానే తగులుతుంది. దాన్ని మెత్తగా చేసే మాట "ఫైండ్". "ఐ ఫైండ్ ఇట్ ఎ బిట్ బోరింగ్." ఇందులో నాకు అట్లా అనిపిస్తోంది అన్న ధ్వని ఉంది, అంటే మన "నాకు" మళ్లీ వచ్చి చేరినట్టే.

పాఠం చెప్పే సార్‌తో, మేడమ్‌తో అయితే బోర్ అన్న మాటే ఎత్తొద్దు. చాలాసార్లు పిల్లలకు బోర్ కొట్టేది పాఠం అందకపోవడం వల్లే. అదే చెప్పండి: "సార్, ఐ యామ్ ఫైండింగ్ ఇట్ డిఫికల్ట్ టు ఫాలో." ఆయన మళ్లీ చెబుతాడు, మీకూ పని జరుగుతుంది.

ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగితే "ఇట్ వాజ్ బోరింగ్" అనొద్దు. ఈ ఉద్యోగం కూడా రేపు బోర్ కొడుతుందేమోనని వాళ్లు అనుకుంటారు. "ది వర్క్ వాజ్ రిపిటిటివ్, అండ్ ఐ వాంటెడ్ టు లర్న్ మోర్" అనండి. నిజమూ చెప్పినట్టుంటుంది, మర్యాదా నిలుస్తుంది.

"బోరింగ్" బదులు ఇంకేం మాటలు ఉన్నాయి?

పని సాగుతూ సాగుతూ ఓపిక తినేస్తే "టీడియస్". వందల పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించే పని అట్లాంటిది. మార్పు లేకుండా ఒకటే తీరుగా ఉంటే "మోనోటనస్". రసం లేని పాఠాన్ని, ఉపన్యాసాన్ని "డ్రై" అంటారు. మాట్లాడితే ఆపని మనిషిని నామవాచకంతోనే "హి ఈజ్ సచ్ ఎ బోర్" అనొచ్చు, తెలుగులో "వాడు పెద్ద బోర్" అన్నట్టే. మొదట్లో ఇన్ని అక్కర్లేదు. బోర్డ్, బోరింగ్ నోట్లో స్థిరపడ్డాక ఇవి నేర్చుకోండి.

మా పాప సర్కారు బడిలో ఇంగ్లిష్ మీడియం. మేం చదువుకోలేదు. ఇంట్లో మేమేం సాయం చేయగలం?

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులన్నిటిలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది, అప్పటి నుంచి తల్లిదండ్రులు ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతున్నారు. మీరు చేయగలిగింది చాలా ఉంది, దానికి ఇంగ్లిష్ రానక్కర్లేదు.

సాయంత్రం పాప బడి నుంచి రాగానే తెలుగులోనే రెండు ప్రశ్నలు వేయండి. ఇట్లా:

"ఇయ్యాల బడి ఎట్లుండె బిడ్డా?"

"బోర్ కొట్టిందమ్మా."

"ఎవరికి బోర్ కొట్టింది? ఇంగ్లిష్‌ల చెప్పు."

"ఐ వాజ్ బోర్డ్."

"ఏది బోర్ కొట్టింది?"

"ది లాస్ట్ పీరియడ్ వాజ్ బోరింగ్."

"మరి ఏది మంచిగుండె?"

"ది సైన్స్ క్లాస్ వాజ్ ఇంటరెస్టింగ్."

ఎవరికి అని అడిగితే డ్, ఏది అని అడిగితే ఇంగ్. మీకు తెలియాల్సింది ఈ రెండు శబ్దాలే. పాప తప్పు చెబితే మీ చెవికే తెలిసిపోతుంది. కూరగాయలు కోసుకుంటూ, బర్రెకు గడ్డి వేసుకుంటూ కూడా అడగొచ్చు. తప్పు చెప్పినప్పుడు కసరకండి, అదే ప్రశ్న ఇంకోసారి అడగండి.

రాసేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

బోర్డ్ అన్న శబ్దానికి రెండు స్పెల్లింగ్‌లు ఉన్నాయి. బి, ఓ, ఆర్, ఈ, డి రాస్తే బోర్ కొట్టిన మనిషి. బి, ఓ, ఏ, ఆర్, డి రాస్తే గోడ మీది నల్లబల్ల. ఫోన్‌లో మాట చెప్పి టైప్ చేయించుకునేవాళ్లు పంపేముందు ఒకసారి చూసుకోండి, ఫోన్ ఒక్కోసారి రెండోది రాసేస్తుంది. "బోరింగ్" రాసేటప్పుడు ఆర్ తర్వాత ఈ ఉండదు, నేరుగా ఐ, ఎన్, జి వస్తాయి.